తొలి పూతను గిల్లు చేయి

ధ్యాన భాగములు: లేవీయకాండము 19:23–25, యోహాను సువార్త 15:1–8



మామిడి కాపు దిగిపోయినది. దామలచెరువు మండీలలో సందడి తగ్గినది. చిత్తూరు చుట్టుపట్ల తోటలలో ఇప్పుడు కత్తెరలును చేతిరంపములును పని చేయుచున్నవి. కాపు దిగిన వెంటనే కొమ్మలు కత్తిరించినచో వానలకు కొత్త చిగుళ్లు వచ్చి, అవి ముదిరి, రాబోవు పూతకు సిద్ధమగునని మీలో తోటలున్నవారికి తెలియును. ఆలస్యముగా కత్తిరించువాడు వచ్చే యేటి పూతనే కత్తిరించుకొనును. ఈ దినములలో మనము తోటలనుగూర్చియు, మన పిల్లలనుగూర్చియు, తండ్రియైన దేవుని చేతినిగూర్చియు కలిసి ధ్యానించుట మంచిదని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇందులో మా తప్పు కూడ ఒకటి ఒప్పుకొనవలసి యున్నది.

కొన్ని యేండ్ల క్రిందట మేముండు గుడి ఆవరణములో ఒక ఆమ్రపాలి అంటు నాటితిమి. ఇది పొట్టి మామిడి. 1971లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఉత్తరదేశపు దశేరికి మనమెరిగిన నీలము పుప్పొడి చేర్చి పుట్టించిన సంకరము ఇది. మన తాతలు మామిడి మొక్కకును మొక్కకును 33 అడుగుల యెడమిచ్చి ఎకరాకు 40 చెట్లు పెట్టిరి. ఆమ్రపాలిని 8 అడుగుల యెడములోనే నాటవచ్చును. ఎకరాకు 640 చెట్ల వరకు పట్టును. నిచ్చెన లేకుండ నేలమీద నిలిచి కాయ కోయవచ్చును గనుక, చిన్న ఆవరణమునకు తగినదని తెచ్చితిమి.

నాటిన రెండవ సంవత్సరము సంక్రాంతి దినములకే అది పూసినది. మోకాలికంటె కొంచెము ఎత్తుగా ఉన్న మొక్క, దానినిండ పూత! మేమెంతో సంతోషించితిమి. గుడికి వచ్చినవారందరికి చూపితిమి. ఆ వేసవిలో పదునాలుగు కాయలు నిలిచినవి. కొమ్మలు నేలకు వంగిపోగా ఊత కర్రలు పెట్టితిమి. పండ్లు పండగానే కోసి, ప్రథమ ఫలములని చెప్పి, ఆదివారము ప్రభువు బల్ల యెదుట ఉంచితిమి. ఆరాధన పిమ్మట వేలములో వాటికి మంచి వెల వచ్చెను. మేము ఆ దినమున గర్వించితిమి.

సంఘములోని ఒక పెద్దాయన, యాభై యేండ్లు తోటపని చేసినవాడు, ఆ మొక్క దగ్గర చాలసేపు నిలిచి, తల ఆడించి ఇట్లనెను: “అయ్యగారూ, పసిబిడ్డ నెత్తిన నీళ్ల బిందె పెట్టినట్లుండాది. పూత గిల్లేసి ఉండాల్సింది.”

“దేవుడిచ్చిన పూతను ఎందుకు గిల్లవలెను పెద్దాయనా?” అని అడిగితిమి.

“కొమ్మ చూస్తే ముసలిది అయ్యగారూ, వేరు చూస్తే పసిది. కొమ్మకు కాయడం తెలుసు. వేరుకు మోయడం తెలీదు,” అనెను.

ఆయన చెప్పినది నిజము. అంటుకట్టు కొమ్మను కాపుకు వచ్చిన చెట్టునుండియే తీయుదురు. దానికి పూయుట అప్పటికే వచ్చును. క్రింద నున్న నాటు మొక్క మాత్రము నిన్న మొన్న టెంకనుండి మొలచినది. పై భాగము పూయగలదు గనుక అది పూయును. వేళ్లు ఇంకను నేలను పట్టుకొనలేదు. ఆ సంవత్సరము వానలు బాగుగనే కురిసినను మా మొక్క చిగురు వేయలేదు. దాని బలమంతయు ఆ పదునాలుగు కాయలలో పోయినది. అదే నర్సరీనుండి అదే దినమున తెచ్చి పెద్దాయన తన దొడ్డిలో నాటిన మొక్క మాత్రము, మూడేండ్లు ఒక్క కాయయు కాయకుండ, మనిషి యెత్తు గొడుగువలె విస్తరించెను.

అప్పుడు మేము ఆయనయొద్ద నేర్చుకొంటిమి. నేర్చుకొన్నది మీకును చెప్పుచున్నాము, ఏలయనగా ఇది చేతులకును పనికివచ్చును, ఆత్మకును పనికివచ్చును.

నాటిన మొదటి సంవత్సరము అంటు దగ్గర చుట్టిన ప్లాస్టిక్ పట్టీని చూడవలెను. అంటు అతుకుకొను వరకు అది రక్షణ. అతుకుకొన్న తరువాత దానిని విప్పకపోయినచో కాండము లావగుకొలది అది ఉరియగును. అంటుకు క్రిందనుండి నాటు మొలకలు బయలుదేరును. అవి పచ్చగా, బలముగా, అందముగా ఉండును గాని, విడిచినచో పై కొమ్మ ఆహారము తినివేసి దానిని చంపును. వాటిని మొలకగా ఉన్నప్పుడే తీసివేయవలెను. ఊత కర్రకు మొక్కను వదులుగా కట్టవలెను. బిగించి కట్టినచో గాలికి తాడే కోయును.

కాండము రెండు, రెండున్నర అడుగులు పెరుగగానే కొన త్రుంచవలెను. అప్పుడు క్రింది మొగ్గలు మేల్కొని చాల కొమ్మలు వచ్చును. వాటిలో నలుదిక్కులకు పోవునట్టి, ఒకదానికొకటి కొంచెము ఎడముగా పుట్టిన మూడు నాలుగు కొమ్మలను ఉంచి తక్కినవి తీసివేయవలెను. కాండమును ఆనుకొని నిటారుగా ఇరుకున లేచిన కొమ్మ చూచుటకు బలమైనదే. కాని కాపు బరువు పడినప్పుడు ఆ ఇరుకు సందుననే చీలును. ఉంచిన కొమ్మలు మరి రెండడుగులు పెరిగి ముదిరినప్పుడు వాటి కొనలను కూడ త్రుంచవలెను. నడుమ ఎండ పడునట్లు లోపలికి వంగిన కొమ్మలను తీయవలెను. లావు కొమ్మ కోసిన చోట బోర్డో ముద్ద పూయవలెను: మైలుతుత్తము ఒక కిలో, సున్నము ఒక కిలో, నీరు 10 లీటర్లు. ఇంటి చెట్టు ఒక్కటేయైన యెడల నూరేసి గ్రాములును ఒక లీటరు నీరును చాలును. ఇనుప పాత్రలో మాత్రము కలుపరాదు.

మొదటి మూడేండ్లు వచ్చిన పూతను వచ్చినట్లు గిల్లివేయవలెను. ఇది అన్నిటికంటె కష్టమైన పని. ఎండిన కొమ్మను కోయుటకు మనసు బాధపడదు. పూతను గిల్లుటకు చేయి వణకును.

ఇప్పుడు లేవీయకాండము 19వ అధ్యాయమును తెరచి చూడుడి. ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశమునకు వచ్చి ఆహారమునకై చెట్లు నాటినప్పుడు, మూడు సంవత్సరములు వాటి పండ్లు తినకూడదనియు, నాలుగవ సంవత్సరపు ఫలమంతయు యెహోవాకు ప్రతిష్ఠితమై యుండవలెననియు, అయిదవ సంవత్సరమున తినవచ్చుననియు దేవుడు ఆజ్ఞాపించెను. అట్లు చేసినచో ఫలము వృద్ధియగునని కూడ ఆయన చెప్పెను. మేము ఈ భాగమును ఎన్నిసార్లో చదివితిమి. అయినను రెండవ యేటి పండ్లను ప్రథమ ఫలములని బల్లయొద్ద పెట్టితిమి! దేవుడు అడుగని కానుకను, ఆయన వద్దన్న కాలములో తెచ్చి, ఆయన సంతోషించెనని తలంచితిమి. ప్రియులారా, దేవునికి పసి మొక్క పండ్లమీద ఆశ లేదు. ఆయన ఆశ చెట్టుమీద ఉన్నది.

యోహాను సువార్త 15వ అధ్యాయములో ప్రభువు తాను నిజమైన ద్రాక్షావల్లియనియు, తండ్రి వ్యవసాయకుడనియు, శిష్యులు తీగెలనియు బోధించెను. ఫలించు తీగెను కూడ తండ్రి ముట్టుకొనునని చెప్పెను. అది మరి ఎక్కువగా ఫలించుటకు దానిని శుభ్రపరచును. గ్రీకు మూలములో ఈ శుభ్రపరచుట అను మాటయు, వెంటనే మూడవ వచనములో శిష్యులు వాక్యమువలన పవిత్రులై యున్నారను మాటయు ఒక్క ధాతువునుండి పుట్టినవి. ఆయన చేతి కత్తెర ఏదని అడిగినచో, ముందుగా అది ఆయన వాక్యమే.

ఆయన తీసివేయునది ఎల్లప్పుడు చెడుగు మాత్రమే కాదు. మంచిదైనను కాలము కాని పూతను కూడ ఆయన తీయును. పౌలు దమస్కులో పిలువబడిన వెంటనే యెరూషలేమునకు పోయి పెద్దవాడు కాలేదు; అరేబియాకు వెళ్లెననియు, మూడు సంవత్సరముల తరువాతనే కేఫాను చూడ వచ్చెననియు గలతీ పత్రిక మొదటి అధ్యాయము తెలుపుచున్నది. మోషే నలువది యేండ్లు మిద్యానులో మంద కాచెను. మన ప్రభువే బోధ మొదలుపెట్టునప్పటికి దాదాపు ముప్పది యేండ్లవాడు. పండ్రెండేండ్లప్పుడే దేవాలయములో పండితులు ఆయన మాటలకు విస్మయమొందిరి గదా! అయినను ఆయన నజరేతుకు తిరిగి వెళ్లి తలిదండ్రులకు లోబడి యుండెను.

మన ప్రాంతములోనే ఇందుకొక సాక్ష్యము కలదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1912లో మిషనులు కూడి క్షయరోగుల ఆసుపత్రిని స్థాపించిరి. 1943లో స్ట్రెప్టోమైసిన్ మందు కనుగొనబడక మునుపు అట్టి ఆసుపత్రులలో ముఖ్య వైద్యము విశ్రాంతి, మంచి గాలి, పుష్టిగల ఆహారము. పని చేయుట మంచిదే. అయినను రోగి ఊపిరితిత్తులు మానుటకై ఆ మంచి పనిని నెలల తరబడి అతని చేతినుండి తీసివేసిరి. పని పోయినదని ఏడ్చినవారు ఉందురు. బ్రదికి ఇల్లు చేరుటకై ఆ విశ్రాంతి వారికి కావలసి యుండెను.

ఇప్పుడు మా తప్పు చెప్పవలెను. మొక్క విషయములో చేసినది చిన్నది. దానికంటె పెద్దది ఒకటి చేసితిమి.

మా సంఘములో పదునైదేండ్ల బాలుడు ఒకడుండెను. పాట బాగుగ పాడును; వాక్యము చదివిన రాళ్లైనను వినును. మేము అతనిని గూడెములలో జరుగు కూటములకు తీసికొనిపోతిమి. పిమ్మట మాటలాడ నిలువబెట్టితిమి. జనులు మెచ్చుకొనిరి. వారమునకు ఒక కూటము మూడు కూటములాయెను. రాత్రి పదకొండింటికి ఇల్లు చేరి, ఉదయము బడికి పోయి నిద్రపోవుచుండెను. పదవ తరగతి పరీక్ష తప్పెను. తండ్రి మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, వానికి చదువెందుకు? మీరే గదా వాణ్ణి నిలబెట్టినారు” అనెను. మేము, ప్రభువు సేవ పరీక్షకంటె గొప్పదని చెప్పితిమి. ఆ మాట వినుటకు భక్తిగా నుండెను. కాని అది భక్తి కాదు, సహోదరులారా. అది మా ఆశ. ఆ బాలుని పూత మా సంఘమునకు పేరు తెచ్చుచుండెను, మేము దానిని గిల్లుటకు ఒప్పుకొనలేదు. కొత్తగా చేరినవానిని అధ్యక్షునిగా నియమింపరాదనియు, అతడు గర్వాంధుడగుననియు పౌలు తిమోతికి వ్రాసిన హెచ్చరికను మేము పెద్దలనుగూర్చి బోధించితిమి గాని, ఆ పిల్లవాని విషయమున తలంచలేదు.

పందొమ్మిదవ యేట అతడు గుడికి వచ్చుట మానెను. తిరుపతికి పోయి ఒక అంగడిలో పనికి చేరెను. వెనుదీసినవాడని జనులు చెప్పుకొనిరి. మేమును కొంతకాలము అట్లే తలంచితిమి. పెద్దాయన మా మొక్క దగ్గర చెప్పిన మాట అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది: కొమ్మకు కాయుట తెలుసు, వేరుకు మోయుట తెలియదు.

మేము అతని బసకు వెళ్లి క్షమాపణ అడిగితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. చివరకు, “నేను దేవుని మీద అలిగి రాకుండా లేను అయ్యగారూ. అలసిపోయినాను,” అనెను. మరి ఏ ఆరోపణయు చేయలేదు. అది మాకు మరింత బరువుగా నుండెను.

ఇది చదువుచున్న తలిదండ్రులారా, మీ యిండ్లలోను పసి అంట్లున్నవి. పదునాలుగేండ్ల కుమారుడు కాపు దినములలో లారీలకు మామిడి ఎత్తి కూలి తెచ్చినప్పుడు, బడి తెరచిన తరువాత కూడ అతనిని ఆ పనిలోనే ఉంచవలెనను ఆశ కలుగును. పదవ తరగతి ముగించిన కుమార్తెకు మంచి సంబంధము వచ్చినదని, పదునెనిమిదేండ్లు నిండకముందే పెండ్లి చేయుటకు తొందర కలుగును; చట్టము దానిని ఒప్పుకొనదు, ఆమె దేహమును దానికి సిద్ధము కాదు. తెచ్చిన కూలి మంచిదే, పెండ్లి ఘనమైనదే. కాని కాలము కానప్పుడు ఆ మంచి పూతయే వేరును తినివేయును.

“మాటలు సులభము అయ్యగారూ, మాకు కూడెట్ల?” అని మీరు అడుగుదురు. అడుగుట న్యాయమే. 2025వ సంవత్సరము వేసవిలో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వవలెననియు, తాను 4 రూపాయలు కలుపుదుననియు ప్రభుత్వము ప్రకటింపవలసి వచ్చిన సంగతి మీరెరుగుదురు. అప్పు మీదనున్నవానికి వేచియుండుమని చెప్పుట తేలిక కాదు. అయితే రైతు మూడేండ్లు ఎట్లు వేచియుండును? మామిడి సాళ్ల నడుమ వేరుశనగ వేయును, అలసందలు వేయును. చెట్టు పెరుగుచుండగా ఆ అంతర పంట యింటిని పోషించును. సంఘము తన పిల్లలకు అట్టి అంతర పంట కావలెను. మన స్త్రీలు వంటకు బియ్యము తీయునప్పుడు ప్రభువుకని పిడికెడు వేరుగా పెట్టు వాడుక మన యిండ్లలో ఉన్నదే గదా. ఒక్కొక్క సంఘము ఆ పిడికెడు బియ్యములో కొంతభాగము ఒక బాలుని చదువునకు, ఒక బాలిక హాస్టలు ఖర్చునకు ప్రత్యేకింపరాదా? అట్లు చేయని సంఘమునకు, పిల్లవానిని బడి మాన్పించిన తండ్రిని గద్దించు అధికారము లేదని మేము తలంచుచున్నాము.

మరియొక మాట చెప్పక విడువరాదు. దుఃఖములో ఉన్నవారితో, “దేవుడు నిన్ను కత్తిరించుచున్నాడు” అని తొందరపడి చెప్పుచున్నాము. జాగ్రత్త! మేక వచ్చి మొక్కను కొరికినచో అది కత్తిరింపు కాదు. తాగుబోతు భర్త కొట్టిన దెబ్బను, వడ్డీవాడు చేసిన అన్యాయమును, మన నిర్లక్ష్యమువలన బిడ్డకు కలిగిన నష్టమును దేవుని కత్తెరకు అంటగట్టరాదు. మేక వచ్చినప్పుడు చేయవలసినది కంచె వేయుట. వ్యవసాయకుడు కోసిన చోటును మేక కొరికిన చోటును పెద్దాయన చూచి చెప్పగలడు. కత్తెర మొగ్గకు పైన ఏటవాలుగా, నునుపుగా కోయును. పిమ్మట ఆ చేయియే గాయమునకు మందు పూయును. మేక చీల్చి పోవును. తండ్రి తీసివేసిన చోట ఆయన చేయి ఇంకను దగ్గరనే యుండును. అయినను మేక కొరికిన మొక్కను సయితము ఆయన పారవేయడు. చీలిన భాగమును సరిచేసి, క్రింది మొగ్గను మేల్కొల్పును. లూకా 13వ అధ్యాయములో ఫలింపని అంజూరపు చెట్టును నరకుమని యజమానుడు చెప్పినప్పుడు, ఇంకొక్క యేడు ఉండనిమ్మనియు, చుట్టు త్రవ్వి ఎరువు వేయుదుననియు తోటమాలి వేడుకొనెను గదా.

మా ఆమ్రపాలి సంగతి చెప్పి ముగించెదము. పెద్దాయన దానిని సగమునకు కోసెను. మాకు భయమాయెను. వానలకు కోసిన చోటు క్రింద అయిదు చిగుళ్లు వచ్చినవి. ఆయన మూడు ఉంచెను. రెండు సంక్రాంతులు వచ్చిన పూతను మా చేతులతోనే గిల్లితిమి. ఇప్పుడది కాయుచున్నది, కొమ్మలకు ఊత అవసరము లేదు.

ఆ యువకుడు ఓపెన్ స్కూలులో పదవ తరగతికి కట్టెను. ఆ రుసుము మా సంఘపు స్త్రీలు పిడికెడు బియ్యమునుండి ఇచ్చిరి. గడచిన మూడు ఆదివారములు గుడికి వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను. పాడుమని మేము అడుగలేదు. ఎవరును అడుగవద్దని సంఘమునకు చెప్పితిమి.

ఈ నెలలో మీరు చేయవలసిన పని ఒకటి కలదు. మీ యింటిలోనో సంఘములోనో కాలము కాని బరువు మోయుచున్న పసివారు ఎవరైన ఉన్నారేమో చూడుడి. ఉన్నయెడల ఆ బరువు దించుడి.

ప్రార్థన: తండ్రీ, మంచి వ్యవసాయకుడా, మా పిల్లలు నీవు నాటిన మొక్కలు, వారి పూతను మా పేరుకొరకును మా అక్కరకొరకును తొందరపడి కోసికొన్నందుకు మమ్మును క్షమించుము. గిల్లవలసినప్పుడు గిల్లు ధైర్యమును, వేచియుండవలసినప్పుడు వేచియుండు ఓపికను, వేచియున్నవారికి అన్నము పంచు మనసును మాకు దయచేయుము. అలసిపోయి దూరమైనవారి వేళ్లకు నీళ్లు పోయుము. నీ కాలమందు వారు నీకొరకు ఫలించునట్లు చేయుమని క్రీస్తుయేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.